మూగనాచు

రేవుపాడులో హారన్ కొట్టడానికి కారణం అక్కర్లేదు. ముందు బండి అడ్డముంటే కొడతారు, దారి ఖాళీగా ఉంటే సంతోషం పట్టలేక కొడతారు. పదేళ్ల కిందట కాలవ గట్టున ఒక మోస్తరు పట్నంగా ఉన్న ఊరు, మూడు ఫ్లైఓవర్లూ లెక్కలేనన్ని అపార్టుమెంట్లూ మొలిచి నగరమైంది. ఆ మోతంతా వచ్చి దీపాల సెంటర్లో కలుస్తుంది. ఆ సెంటర్ నడిమధ్యలో రోజుకు తొమ్మిది గంటలు నిలబడే మనిషి ట్రాఫిక్ ఎస్సై శోభనాద్రి.

పదకొండేళ్లు నిలబడ్డాడు. ఎడమ చెవి సగం పోయింది. కుడి చెవిలో జోరీగ దూరినట్టు ఎప్పుడూ ఒకటే రొద. ఇంటికొచ్చి మామూలుగా మాట్లాడుతున్నాననుకుని అరిచేవాడు. నిద్రపట్టక మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులతో చెవులు మూసుకునేవాడు. మోత లోపలే ఉంటే మూసుకుని ఏం లాభం? ఇంకో ఐదారేళ్లు అక్కడే నిలబడితే పూర్తిగా చెవుడొస్తుందని డాక్టరు తేల్చేశాడు. వేరేచోటికి మార్పించుకోమంటే శోభనాద్రి వినడు.

"నేను పోతే ఇంకోడు నిలబడాలిగా. వాడివి మాత్రం చెవులు కావా?" అనేవాడు.

అతని భార్య రాజ్యలక్ష్మి ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. నాచుల మీద డాక్టరేటు చేసింది. ఆమెకు నాచుల మీద ఉన్న ప్రేమ పట్టుచీరల మీద కూడా లేదు. మొగుడి చెవులు ఎలాగైనా కాపాడుకోవాలన్నది ఆమె పంతం. ఈ కథంతా ఆ పంతం వల్లే జరిగింది.

ఊరి చివర కాలవ లాకులున్నాయి. తలుపుల సందుల్లోంచి నీళ్లు దూకేచోట పక్కమనిషి మాట వినపడదు. ఒక ఉదయం విద్యార్థినులతో నమూనాల కోసం వెళ్లిన రాజ్యలక్ష్మి, మెట్లు దిగి గోడ మూలకు చేరగానే నీటి హోరు ఠక్కున తెగిపోయింది. నీళ్లు దూకుతూనే ఉన్నాయి, నురగ కక్కుతూనే ఉన్నాయి, చప్పుడు లేదు. తన చెవులే పోయాయనుకుంది. అంతలో గట్టు మీదున్న పిల్ల "మేడమ్, జారతారు!" అని అరిచిన అరుపు మాత్రం స్పష్టంగా వినపడింది.

చేయి పెట్టి చూస్తే గోడంతా నల్లటి ఆకుపచ్చ నాచు. కొత్త తువ్వాలు పోగుల్లా మెత్తగా, దట్టంగా ఉంది. ఆమె చేయి తగలగానే పోగులన్నీ ఒకేసారి అటు తిరిగాయి.

మూడేళ్లు దాన్ని కాలేజీ ప్రయోగశాలలో పెంచింది. నాలుగో ఏడు నగర కమిషనర్‌ను పిలిచి చూపించింది. గోడలకు నాచు పట్టించిన చిన్న గదిలో ఆయన్ని కూర్చోబెట్టి, ఐస్‌క్రీం బండి రబ్బరు హారన్ ఆయన చెవి పక్కనే నొక్కింది. కమిషనర్ ఉలిక్కిపడ్డాడు. ఆమె ఆపకుండా నొక్కుతూనే ఉంది. ఇరవయ్యోసారికి చప్పుడు పక్కవీధిలోంచి వచ్చినట్టుంది. యాభయ్యోసారికి రబ్బరు బుడ్డి నలగడం కనపడింది, అంతే.

"ఎన్నిసార్లు వింటే అంత బాగా మింగుతుందండీ," అంది రాజ్యలక్ష్మి. "పోగులు ఆ చప్పుడుకు సరిపడా సాగుతాయి. కొత్త చప్పుడు జోలికి పోదు. చూడండి, నా మాట వినపడుతోంది కదా."

"మరి అంబులెన్సు మోత?"

"రోజూ వెళ్లే దారైతే అదీ మింగుతుందండీ. అందుకే ముందు చిన్న వీధిలో వేసి..."

"దానికి నెత్తిన దీపం తిరుగుతుంది కదమ్మా, జనం చూసి తప్పుకుంటారు," అని కమిషనర్ లేచాడు. "దీపాల సెంటర్ ఎన్ని రోజుల్లో కప్పేస్తారో చెప్పండి."

దీపాల సెంటర్ అనగానే రాజ్యలక్ష్మి చిన్న వీధి సంగతి మళ్లీ ఎత్తలేదు.

నాచును నీళ్లలో రుబ్బి ఫ్లైఓవర్ స్తంభాల మీద చల్లే పని పారిశుద్ధ్య కార్మికులకు అప్పగించారు. చల్లింది చల్లినట్టే ఎండకు పెచ్చులుగా రాలిపోయేది. వారం పాటు జిగురు కోసం రాజ్యలక్ష్మి పుస్తకాలు తిరగేసింది. స్ప్రే పట్టుకున్న ఆడవాళ్ల మేస్త్రీ మరియమ్మ అది చూసి చూసి, ఇక ఊరుకోలేక చెప్పేసింది.

"గంజి కలపండమ్మా. గంజి పెట్టిన చీరని ఇస్త్రీపెట్టె కూడా లొంగదీయలేదు, ఎండ ఎంత?"

గంజి కలిపారు. పట్టుకుంది. పట్టుకోవడమే కాదు, గంజి రుచి మరిగి నాలుగు రెట్లు వేగంగా పెరిగింది. నలభై రోజులకు దీపాల సెంటర్ మూగబోయింది. బస్సులు నీళ్లలో చేపల్లా వచ్చి వెళుతున్నాయి. డ్రైవర్లు అలవాటు మానలేక హారన్ నొక్కుతూనే ఉన్నారు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. మొదటివారం జనం పనిగట్టుకుని వచ్చి నిలబడి ఆ నిశ్శబ్దాన్ని చూసి వెళ్లారు. మూగనాచు అని పేరు పెట్టింది కూడా వాళ్లే. మిగతా కాలనీలవాళ్లు మాకూ కావాలని దరఖాస్తులు పెట్టారు.

ఆ ఆదివారం శోభనాద్రి తొమ్మిది గంటలు లేవకుండా నిద్రపోయాడు. ఊపిరి ఆడుతోందా లేదా అని రాజ్యలక్ష్మి రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. లేచాక వరండాలో కాఫీ గ్లాసు పట్టుకుని, చాలాకాలం తర్వాత చిన్న గొంతుతో మాట్లాడాడు.

"ఊరి నోరు మూయించావు రాజ్యం. నీ నోరు మాత్రం నేను తెరిపించలేకపోయా. ఇరవై మూడేళ్లయింది. ఒక్కసారి పేరు పెట్టి పిలువు."

"చాల్లెండి, పొద్దున్నే."

"డాక్టరేటు చేసినావిడవి. మొగుడి పేరు పలికితే వాడి ఆయుష్షు తగ్గుద్దని నువ్వు కూడా నమ్ముతున్నావా?"

"నమ్మకమూ లేదు, గిమ్మకమూ లేదు. నోరు తిరగదు, అంతే."

నిజం చెప్పాలంటే అంతే. బ్యాంకులో ఎవరైనా అడిగితే కాగితం మీద రాసి చూపించేది, గుమాస్తాలు నవ్వుకునేవారు. పెళ్లయిన కొత్తలో ఆడపడుచులు గుమ్మంలో అడ్డం నిలబడి, పేరు చెబితేగాని లోపలికి రానివ్వమని పట్టుబడితే, ఒక్కసారి గొణిగింది. ఆ గొణుగుడు శోభనాద్రికి వినపడనే లేదట. ఆ బాకీ తీర్చమని ఏడాదికోసారైనా ఏడిపించేవాడు. ఆమె పాలిట అతను "ఏమండీ". ఆ ఒక్క పిలుపులోనే కోపం, ప్రేమ, కూరలో ఉప్పు తగ్గిన సంగతి అన్నీ ఇమిడిపోయేవి.

తేడా మొదట కనిపెట్టింది బండ్ల మీద కూరగాయలమ్మేవాళ్లు. వంకాయలు, బెండకాయలు అని వీధి వీధంతా అరిచినా తలుపు తెరుచుకోవడం లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, వాళ్ల నోటికి ఊరే చెవిటిదైంది. ఒక తెలివైనవాడు రోజుకో కొత్త కేక కనిపెట్టాడు. ఒకరోజు "ఓ గుమ్మడీ గుర్రమెక్కింది" అని అరిస్తే జనం పరిగెత్తుకొచ్చి కొన్నారు. ఐదో రోజుకు గుమ్మడి గుర్రం కూడా మూగబోయింది.

తర్వాత వేపచెట్టు మీద కోయిల. రాజ్యలక్ష్మి కాలేజీకి వెళుతూ ఆగి చూసింది. అది గొంతు ఉబ్బించి, ముక్కు తెరిచి, ఒళ్లంతా కుదిపి కూస్తోంది. ఏమీ లేదు. కాసేపు ఆగి తల పక్కకు వంచి, తన కూత తనకే వినపడలేదన్నట్టు చూసింది. నాచు వేసిన సెంటర్ అక్కడికి కిలోమీటరు దూరం.

వంగి చూస్తే తెలిసింది. వంటింటి తూముల వెంట, గంజి నీళ్లు పారబోసే ప్రతి కాలవ వెంట, నల్లటి ఆకుపచ్చ చార ఇళ్లలోకి పాకుతోంది. తన ఇంటి వరండా గోడకు కింది ఇటుకల వరస కనపడకుండా పట్టేసింది.

ఆ సాయంత్రం "ఏమండీ, కాఫీ" అని పిలిచింది. శోభనాద్రి తలెత్తి, "కాఫీ ఏంటి, మనిషిని పిలవకుండా?" అన్నాడు.

"పిలిచానుగా."

"కాఫీ అన్నావు, అంతే."

ఆమె మళ్లీ అంది. పెదవులు కదిలాయి, నాలుక కదిలింది, గొంతు అదిరింది. మాట మాత్రం బయటికి రాలేదు. ఇద్దరూ మొదట పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక ఆమె వరండా గోడవైపు చూసింది. పోగులన్నీ తనవైపే తిరిగి ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం మరియమ్మను వెంటబెట్టుకుని దీపాల సెంటర్లో స్తంభం పక్కన నిలబడింది. "మరియమ్మా, రోడ్డు మీద నువ్వు ఎక్కువగా ఏం మాట్లాడతావో అవన్నీ ఒక్కొక్కటీ అను," అంది.

మరియమ్మ అంది. జరగండి, వినపడలేదు. తప్పుకో, వినపడలేదు. ఏయ్, బాబూ, ఆగు, చూసుకో, ఏదీ లేదు. మరియమ్మ నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, కళ్లలో భయం పెరుగుతోంది. చివరికి, "ఏందమ్మా ఇది? నా నోరు పోయిందా?" అంది. అది మాత్రం ఖంగుమని మోగింది, ఎప్పుడూ అనని మాట కనుక.

రాజ్యలక్ష్మికి అర్థమైంది. రోడ్డు మీద మనిషిని మనిషి కాపాడుకునే మాటలు నాలుగో ఐదో ఉంటాయి. రోజుకు వెయ్యిసార్లు పలికేది అవే. నాచు ముందు మింగింది వాటినే. ఆ మూగ సెంటర్ మధ్యలో, వచ్చే బండ్లకు వీపు పెట్టి, ఆమె మొగుడు నిలబడి ఉన్నాడు.

వెంటనే కమిషనర్ దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ రాత్రి ఇంట్లో శోభనాద్రి హాయిగా నిద్రపోతున్నాడు. చెవిలో రొద సగం తగ్గిందని ఆ పొద్దున్నే చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. నాచు తీసేస్తే మళ్లీ ఆ మోత, మళ్లీ ఆ చెవులు మూసుకుని కూర్చోవడం. ఇంకో వారం చూద్దాం, ఈలోగా ఏదో ఉపాయం దొరక్కపోదు అనుకుంది. అలా పుస్తకాలు తిరగేస్తూ పది రోజులు ఊరుకుంది. తప్పు ఆమెదే, ఆమె కూడా ఆ తర్వాత ఒక్కనాడూ కాదనలేదు.

పదకొండో రోజు కమిషనర్ దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమె రాసుకెళ్లిన కాగితం చదివి బల్ల మీద పెట్టాడు.

"ప్రమాదం ఏదైనా జరిగిందా?"

"ఇంకా లేదండీ. జరగకముందే గీకించెయ్యమంటున్నాను."

"ఇరవై ఆరు కాలనీలు మాకూ వెయ్యమని అడుగుతున్నాయమ్మా. జనం హాయిగా నిద్రపోతున్నారు. ఇప్పుడు గీకేస్తే నన్ను గీకేస్తారు."

ఆమె బయటికొచ్చి ఆటో ఎక్కింది. గీకేదాకా శోభనాద్రిని సెలవు పెట్టమని చెప్పాలి, వినకపోతే చెయ్యి పట్టుకుని ఈడ్చుకు రావాలి అనుకుంది. సెంటర్లో దిగేసరికి పదకొండు గంటలైంది. దీపాల సెంటర్ ఎండలో తళతళలాడుతోంది. స్తంభాల దగ్గర మరియమ్మ బృందం ఊడుస్తోంది. రోడ్డు మధ్యలో ఒక ముసలాయన మొక్కజొన్న కండెల బండి చక్రం గుంటలో దిగబడింది. శోభనాద్రి ఒంగి వెనకనుంచి నెడుతున్నాడు.

ఫ్లైఓవర్ మీదనుంచి ఒక కాలేజీ బస్సు దిగుతోంది. దిగాల్సిన వేగం కాదది. డ్రైవరు రెండు కాళ్లూ బ్రేకు మీద వేసి, లేచి నిలబడి, అరచేత్తో హారన్ మోదుతున్నాడు. అతని నోరు బార్లా తెరుచుకుని ఉంది. ఏ చప్పుడూ లేదు. ఎవరూ తల తిప్పలేదు.

"ఏమండీ!" అని అరిచింది రాజ్యలక్ష్మి. నాచు మింగేసింది. "ఏమండీ, జరగండి! ఏమండీ!" ఇరవై మూడేళ్ల అలవాటు నాలుకను పట్టుకుని వదలడం లేదు. పక్కన మరియమ్మ చీపురు ఊపుతూ అరుస్తోంది, అదీ లేదు. నాలుగోసారికి గాని రాజ్యలక్ష్మికి తట్టలేదు. ఆ సెంటర్లో అతన్ని అందరూ ఎస్సైగారనే పిలుస్తారు. నాచు ఎప్పుడూ వినని మాట ఒకటే మిగిలింది.

"శోభనాద్రీ!"

నగరం మొత్తానికి అదొక్కటే చప్పుడన్నట్టు మోగింది. స్తంభాల మధ్య నాలుగుసార్లు తిరిగింది.

అప్పటికే బండి గుంటలోంచి లేచింది. ముసలాయన దాన్ని లాక్కుంటూ దాటిపోయాడు. శోభనాద్రి దాని వెనకే రెండడుగులు వేశాడు. ఇంకొక్క అడుగు వేస్తే చాలు, బస్సు దారి దాటిపోతాడు. వేయలేదు. ఆగాడు. ఆ గొంతులో ఆ మాట అతను జన్మలో వినలేదు. రోడ్డు మధ్య నిలబడి, ఎటునుంచి వచ్చిందా అని వెతికాడు. ఆమె కనపడింది. మొహంలో ముందు ఆశ్చర్యం, ఆ వెనకే నవ్వు. పిలిచావా, అన్నట్టు తల ఎగరేశాడు.

తర్వాతి చప్పుడు అందరికీ వినపడింది. అలాంటి చప్పుడు నాచుకు కొత్త.

వందమంది పరిగెత్తుకొచ్చారు. వందమంది నోళ్లూ అయ్యో అంటున్నాయి. ఒక్క అయ్యో కూడా వినపడలేదు.

మూడో రోజుకు ఇంటినిండా జనం. వరండాలో శోభనాద్రి ఫొటోకు దండ వేశారు. వచ్చినవాళ్లందరూ అతన్నే తలుచుకున్నారు. శోభనాద్రి ఎంత మంచోడు, శోభనాద్రి ఎవరి దగ్గరా రూపాయి ముట్టేవాడు కాదు, శోభనాద్రికే ఇలా జరగాలా. పొద్దున్నుంచి ఎన్ని వందలసార్లో. రాజ్యలక్ష్మి గోడకు ఆనుకుని కూర్చుని వింటోంది. పిలవకుండా ఉంటే ఇంకొక్క అడుగు వేసేవాడు. ఆ లెక్క ఆమె మూడు రోజులుగా వేస్తూనే ఉంది, ఎటునుంచి వేసినా అదే వస్తోంది.

మధ్యాహ్నం ఆమె బావగారు వెంకటనరసయ్య కళ్లు తుడుచుకుంటూ, "మా అయిదుగురిలో చిన్నోడు, మా..." అన్నాడు. పెదవులు కదిలాయి. పేరు రాలేదు. ఆయన అది గమనించలేదు. ఎదురుగా ఉన్న ముసలామె తలూపి, తనూ ఏదో అంది. "పాపం" వినపడింది, దాని ముందున్న పేరు వినపడలేదు.

రాజ్యలక్ష్మి తల తిప్పి చూసింది. ఫొటో కింద గోడంతా నాచు. పోగులు మెల్లగా సాగుతున్నాయి.

"ఆయన పేరెత్తకండి!" అని అరిచింది. జనం బిత్తరపోయారు. "నేను పలికినందుకు మనిషి పోయాడు. మీరందరూ కలిసి పేరు కూడా లేకుండా చేస్తున్నారు. దయచేసి ఎవరూ ఆయన పేరెత్తకండి."

"దుఃఖంలో ఏదో అంటోంది, లోపలికి తీసుకెళ్లండి," అన్నాడు వెంకటనరసయ్య.

ఆమె లోపలికి వెళ్లలేదు. గేటు దగ్గర కింద కూర్చున్న మరియమ్మ ముందుకు వెళ్లి నిలబడింది. "మరియమ్మా, ఇది దేనికి చస్తుంది?"

మరియమ్మ ఒక్క క్షణం ఆమె మొహం చూసి లేచింది. "సున్నానికి సావని నాచు లేదమ్మా. మా అమ్మ కాలం నించీ అంతే. మీరు పుస్తకాల్లో ఎతుకుతున్నారని నేను సెప్పలా."

గంటలో సున్నం బస్తాలు వచ్చాయి, మరియమ్మ మనుషులు పన్నెండుమంది వచ్చారు. ముందు వరండా గోడ. సున్నం నీళ్లు తగిలినచోట పోగులు వెంట్రుకలు కాలినట్టు ముడుచుకుపోయాయి. తర్వాత రాజ్యలక్ష్మి గేటు దాటింది. మైల పది రోజులు కాకుండా గడప దాటకూడదని వెంకటనరసయ్య అడ్డం వచ్చాడు.

"నన్ను వెళ్లనివ్వండి బావగారూ. నేను పెట్టిందే, నేనే తియ్యాలి," అని ఆయన చెయ్యి మెల్లగా తప్పించింది.

దీపాల సెంటర్ చేరేసరికి మూడున్నర. బస్సులు చప్పుడు లేకుండా వెళుతున్నాయి. రోడ్డు మీద అతను పడ్డచోట పోలీసులు సున్నంతో గీసిన గీత ఇంకా చెరిగిపోలేదు. ఆమె దానివైపు చూడకుండా మొదటి స్తంభం దగ్గరికి వెళ్లి స్ప్రే ఎత్తింది. ఎదుటి అపార్టుమెంట్ల మేడల మీదనుంచి జనం చూశారు. పది నిమిషాల్లో నిక్కరు వేసుకున్న ఒక పెద్దమనిషి కిందికి దిగి వచ్చాడు.

"ఏమ్మా, ఎవరిచ్చారు మీకు ఆర్డరు? మేం ఈ ఆర్నెల్లుగానే కాస్త ప్రశాంతంగా పడుకుంటున్నాం!"

"ఆమె మొగుడు కూడా అట్టాగే పడుకున్నాడయ్యా," అంది మరియమ్మ. "నువ్వు పక్కకి జరుగు." జరుగు అన్న మాట సగం వినపడింది. ఆ స్తంభానికి సున్నం బాగానే పట్టినట్టుంది.

ఆ పెద్దమనిషి ఇంకేదో అనబోయాడు. అప్పుడు హారన్ ఒకటి పేలింది. ఆర్నెల్ల తర్వాత. రోడ్డు మీదున్నవాళ్లందరూ ఒక్కసారిగా ఎగిరిపడ్డారు. ఒక స్కూటరువాడు భయంతో ఫుట్‌పాత్ ఎక్కించాడు. బస్సు డ్రైవరు హారన్ మీదనుంచి చెయ్యి తీసి, తన చేతినే వింతగా చూసుకున్నాడు. రెండో స్తంభం తడిసింది, ఆటోలు గొంతెత్తాయి. మూడోది తడిసేసరికి నాలుగు రోడ్ల మోత వరదలా వచ్చి సెంటర్ మీద పడింది. పెద్దమనిషి చెవులు మూసుకుని తిట్టుకుంటూ వెనక్కి పరిగెత్తాడు.

రాజ్యలక్ష్మి స్ప్రే కింద పడేసి డివైడర్ మీద కూలబడింది. మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఇన్ని హారన్లు. మొన్న పదకొండు గంటలకు వీటిలో ఒక్కటి మోగి ఉంటే చాలు, ఆమె నోరు విప్పే అవసరమే ఉండేది కాదు. చెవులు రెండూ పోయినా మనిషి ఇంట్లో ఉండేవాడు. సైగలతో బతికేవాళ్లు.

మరియమ్మ వచ్చి పక్కన కూర్చుని, సున్నం చేతులతోనే ఆమె భుజం పట్టుకుంది. రాజ్యలక్ష్మి తల ఎత్తి రోడ్డు మధ్యకు చూస్తూ గట్టిగా పిలిచింది. మెడ నరాలు తేలేలా, మళ్లీ మళ్లీ పిలిచింది. ఆ మోతలో ఆమె ఏమని పిలిచిందో భుజం పట్టుకున్న మరియమ్మకు కూడా వినపడలేదు.